మాటకు మించని పాట

ఆ వాక్యం రాసింది సన్నిబాబే. తర్వాత చాలామంది ఆ సంగతి మర్చిపోయారు. సన్నిబాబు కూడా మర్చిపోదామని మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. కానీ వినోద మండలివారు దాన్ని ఫ్లెక్సీ కొట్టించి ఊళ్లోని ప్రతి బారులోనూ వాష్‌బేసిన్ పైన తగిలించారు. చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడల్లా అతని వాక్యం అతని మొహంలోకే చూసేది.

"బారులలో వాయించబడు సంగీతము అచ్చటి వినియోగదారుల సంభాషణను మించరాదు."

నున్నగా, బుద్ధిమంతుడిలా, ఎవరికీ అపకారం తలపెట్టనట్టు కనిపించే వాక్యం. బి.కాం. చదివినవాడు రాసే వాక్యం.

వాళ్లింట్లో బి.కాం. దాకా చదివినవాడు అతనొక్కడే. తండ్రి అనకాపల్లి బెల్లం మార్కెట్లో బస్తాలు మోసే కళాసీ. కొడుకు డిగ్రీ పాసైన రోజున ఒక దిమ్మ పగలగొట్టి మార్కెట్టంతా బెల్లం పంచాడు. ఆ కొడుకు ఉద్యోగాల పరీక్షలు రాసీ రాసీ, చివరికి కాలేజీ ఫంక్షన్లలో నేర్చుకున్న కీబోర్డు భుజాన వేసుకుని విశాఖపట్నం వెళ్లి, తిమింగలం బార్ అండ్ రెస్టారెంటులో చేరాడని తెలిశాక, అడిగినవాళ్లకి "మావోడు హోటల్ లైన్లో ఉన్నాడు" అని చెప్పుకునేవాడు. సన్నిబాబు మాత్రం ఎవరడిగినా వెన్ను నిటారుగా చేసి, "సంగీత విభాగంలో పనిచేస్తున్నానండి" అనేవాడు. ఆ విభాగంలో ఇద్దరే ఉండేవారు. అతనూ, ఎస్తేరక్కా.

ఎస్తేరక్క జాలరిపేట చర్చిలో పాడి పాడి గొంతు పదును చేసుకున్న మనిషి. మొగుడు పోయాక కూతుర్ని నర్సింగులో చేర్పించి, ఆ ఫీజు కోసం బారులో మైకు పట్టుకుంది. కళ్లజోడు, జరీ లేని చీర, పక్కన ఫ్లాస్కులో అల్లం వేసిన వేణ్నీళ్లు. చూస్తే ఎవరో టీచరుగారు ట్యూషను చెప్పడానికి వచ్చి దారి తప్పి బారులోకి దూరారనిపిస్తుంది. పాట ఎత్తుకుందా, గ్లాసు ఎత్తినవాడు దించడు, దించినవాడు ఎత్తడు. వేరుశెనగ పలుకు నోట్లో వేసుకున్నవాడు దాన్ని నమలడానికి కూడా చరణం పూర్తయ్యేదాకా ఆగుతాడు.

సన్నిబాబు వాయిస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎస్తేరక్క రావడానికి ముందు, జనం సర్దుకునే వేళలో, అతను ఒక్కడూ కూర్చుని పాత పాటల ట్యూన్లు వాయించేవాడు. శ్రుతి తప్పేది కాదు, తాళం తప్పేది కాదు. అయినా ఒక సాయంత్రం అతను కళ్లు మూసుకుని తన్మయత్వంతో వాయిస్తుండగా ముందు టేబుల్ మీది పెద్దమనిషి సర్వరుని పిలిచి, "ఈవేళ మ్యూజిక్ లేదేటి?" అని అడిగాడు.

ఎప్పటికైనా ఒక్కడు, ఒకే ఒక్కడు, తన ట్యూను వినడానికి మాట ఆపితే బాగుండునని సన్నిబాబుకి లోపల ఉండేది. అది పైకి చెప్పుకునే కోరిక కాదు.

గొడవంతా యజమాని గంగునాయుడు గారి తువ్వాలుతో మొదలైంది. బార్లలో ఒక పద్ధతుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ యజమాని తువ్వాలు ఊపాడంటే పాడుతున్న పాట అక్కడికక్కడ ఆపి గెంతులేసే పాట అందుకోవాలి. మెల్లని పాటకి జనం ఆలోచనలో పడతారు, గెంతే పాటకి దాహమవుతుంది. ఇది ఆ వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్క. ఎస్తేరక్క పాట ఎత్తుకున్న ప్రతిసారీ గంగునాయుడు తువ్వాలు ఊపేవాడు. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టి పాడేది. ఇంక ఆవిడకి తువ్వాలు కనపడేది కాదు.

"సన్నిబాబూ, మీ అక్కతో సెప్పు," అనేవాడు గంగునాయుడు. "నాను పెట్టింది బారేటి, ప్రార్థన మందిరమేటి? ఆవిడ పాడతంటే జనం తాగడం మర్చిపోతన్నారు. నిన్న ఒకడు బీరు ముందెట్టుకుని ఏడిసేడు. ఏడిసినోడు రెండోది అడగలేదు. దండం పెట్టి ఎలిపోనాడు!"

"మధ్యలో ఆపమంటే ఎలాగండీ? పాట కదండీ."

"బీరు మధ్యలో ఆపితే తప్పు లేదు గాని పాట మధ్యలో ఆపితే తప్పొచ్చేసిందేటి?"

ఊళ్లో అన్ని బార్లలోనూ ఇదే రామాయణం. వాద్యకారుల సంఘంవాళ్లు తువ్వాలు పద్ధతి రద్దు చెయ్యాలన్నారు, చరణం మధ్యలో మిక్సీ తిప్పకూడదన్నారు. యజమానుల సంఘంవాళ్లు స్పీకర్ల మోతలో ఆర్డర్లు వినపడడం లేదన్నారు. రెండు సంఘాలూ కలిసి శ్రావ్య వినోద సమన్వయ మండలికి ఫిర్యాదు చేసుకున్నాయి. అలాంటి మండలి ఒకటి ఉందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. మండలికి కూడా తమ దగ్గరికి ఎవరైనా వస్తారని అప్పుడే తెలిసినట్టుంది. వీళ్లు వెళ్లేసరికి కుర్చీల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీస్తున్నారు.

చైర్మన్ గారు అంతకు ముందు చేపల పెంపకం శాఖ చూసినవారు. అందుచేత శబ్దం అనే అంశాన్ని ఏ పక్షపాతమూ లేకుండా పరిశీలించగలరని వారికి ఆ పదవి ఇచ్చారట.

"ఉభయ పక్షముల వాదనలను మండలి కూలంకషముగా ఆలకించినది," అన్నారు చైర్మన్ గారు, ఇంకా ఎవరూ నోరు విప్పకముందే. "ఇక ఉభయులకూ ఆమోదయోగ్యమగు ముసాయిదా ఒకటి కావలెను. మీలో పట్టభద్రులెవరైనా ఉన్నారా?"

వాద్యకారుల వరుసలోంచి పాతికమంది వేళ్లు ఒకేసారి సన్నిబాబు వైపు తిరిగాయి. అతని ఒళ్లు పులకరించింది. డిగ్రీ చేతికి వచ్చాక దాని అవసరం ఒక మనిషికి పడడం అదే మొదలు.

అతను ఒక మూల కూర్చుని, చెమట తుడుచుకుంటూ, న్యాయం ఏ పక్కకీ ఒరగకుండా రెండు వాక్యాలు రాశాడు. మొదటిది, సంగీతం సంభాషణను మించరాదు. రెండోది, సంభాషణ సంగీతాన్ని మించరాదు. త్రాసులో రెండు సిబ్బెల్లా ఉన్నాయనుకుని మురిసిపోయాడు.

చైర్మన్ గారు చదివి తల పంకించారు. "బహు చక్కని ముసాయిదా. అయితే రెండవ వాక్యమును అమలుపరచవలెనన్న డబ్బిచ్చు వ్యక్తిని నోరు మూసుకొమ్మనవలెను. మొదటి వాక్యమునకు డబ్బు పుచ్చుకొను వ్యక్తిని అన్న చాలును. పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా మొదటి వాక్యము స్వీకరించడమైనది."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సన్నిబాబే. తను రాసినదాంట్లో సగం ఒప్పుకున్నారు. యాభై మార్కులంటే ఏ యూనివర్సిటీలోనైనా పాసే.

*

ఆ వారంలోనే మండలి ఇన్‌స్పెక్టరు బెహరా గారు ఒక పెట్టె పట్టుకుని తిమింగలం బారుకి వచ్చారు. పెట్టెకి రెండు తీగలు. ఒకటి స్పీకరు దగ్గర, ఒకటి టేబుళ్ల మధ్య వేలాడదీశారు. జనం మాట ఎక్కువగా ఉంటే పెట్టె మీద పచ్చదీపం వెలుగుతుంది. సంగీతం ఎక్కువైతే ఎర్రదీపం. అంతే. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే ఏర్పాటు.

ఎస్తేరక్క పాట అందుకుంది. స్పీకరు గొంతు ముందే బాగా తగ్గించి పెట్టాడు సన్నిబాబు. ఆవిడా మెల్లగానే పాడింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి, స్థలాల బ్రోకర్లు కూర్చున్న టేబుల్ దగ్గర మాట ఆగింది. తర్వాత దాని పక్క టేబుల్. ఐసు వేస్తున్న సర్వరు పటకారు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. హాలంతా సద్దు మణిగింది. ఆ నిశ్శబ్దంలో ఎస్తేరక్క ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా సంభాషణను మించిపోయింది. ఎర్రదీపం భగ్గున వెలిగింది.

పాట అయ్యాక బెహరా గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మా, నా సర్వీసులో ఇంత ఘోరమైన ఉల్లంఘన చూడలేదు," అన్నారు గద్గదంగా. "ఆ రెండో చరణంలో అయితే నిబంధన అనేది ఏ మూలా మిగల్లేదు."

"మరి నాను ఇంకా తగ్గించి పాడాలేటి బాబూ?"

"తగ్గించకండమ్మా. మీరు తగ్గించేకొద్దీ వీళ్లు ఇంకా చెవులు రిక్కిస్తున్నారు. ఉల్లంఘన తీవ్రమవుతోంది."

ఆ తర్వాత సన్నిబాబు వాయించాడు. మొదటి వేలు పడిందో లేదో, హాలంతా ఆనకట్ట తెగినట్టు మాటలు మొదలయ్యాయి. మధురవాడలో స్థలాల రేట్లు, మేనల్లుడి పెళ్లి, టమాటా ధర. ఒకాయన ఫోన్లో వాళ్లావిడతో స్పీకరు పెట్టి మరీ దెబ్బలాడాడు. పచ్చదీపం కన్ను ఆర్పకుండా వెలిగింది.

బెహరా గారు పెట్టె మీద రెండుసార్లు తట్టి చూశారు. పాడైందేమోనని ఆయన అనుమానం. కాదని తేలాక లేచి వచ్చి సన్నిబాబు చెయ్యి పట్టుకుని ఊపారు. "ఉల్లంఘన లేశమైనా లేదు. నూటికి నూరు పాళ్లూ. ఇంతటి విధేయమైన సంగీతాన్ని నేనింతవరకు... వినలేదు."

విన్నారో లేదో ఆయనే తేల్చుకోలేకపోయారు పాపం.

గంగునాయుడు ఎస్తేరక్కని కౌంటర్ దగ్గరికి పిలిచాడు. "నానేటి సెయ్యగలనమ్మా, రూలు. పాట మానెయ్యమని నానంటన్నానేటి? గవర్నమెంటోలు అంటన్నారు." తువ్వాలుతో ఇన్నాళ్లూ చెయ్యలేని పని ఒక వాక్యంతో అయిపోయేసరికి అతని మొహంలో విచారం కోసం చాలా వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎస్తేరక్క ఫ్లాస్కు సర్దుకుంటూ సన్నిబాబు వైపు చూసింది. "ఏటిరా తమ్ముడూ, అంత మంచి దస్తూరీతో రాసినావు. ఎస్తేరు పాడకూడదు అని రాసీసుంటే కాయితం కలిసొచ్చును గదా."

"అక్కా, రెండో వాక్యం కూడా రాశానక్కా. వాళ్లు తీసేశారు."

"రెండోది తీసీసినపుడు నువ్వేటి సేత్తన్నావు?"

సన్నిబాబు నిజమే చెప్పాడు. అతనికి అబద్ధం చేతకాదు. "చప్పట్లు కొడుతున్నానక్కా."

ఆవిడ నవ్వింది. అదే అతనికి ఎక్కువ కష్టమనిపించింది. "పోన్లే. చావు ఇళ్లలో పాడ్డానికి పిలుత్తన్నారు, ఎల్తాను. అక్కడ ఎవులూ కొలవరు. పిల్లకి ఆకరి ఏడాది ఫీజుకి మాత్రం ఊళ్లో రోజుకొకరు పోవాల. అలాగని ప్రార్థన సెయ్యలేను గదా."

*

అక్కడి నుంచి సన్నిబాబు దశ తిరిగింది. మండలి అతనికి ఆదర్శ వాద్యకారుడు అని శాలువా కప్పింది. శాలువా కప్పుతున్నప్పుడు కూడా అతని చేత వాయింపించారు గానీ, వేదిక మీద ఉన్నవాళ్లు ఎవరూ గమనించలేదు. తర్వాత ఊళ్లోని వాద్యకారులందరికీ శిక్షణ ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. కోర్సు పేరు "సంభాషణానుకూల వాదన నైపుణ్యం".

తండ్రికి ఫోన్ చేసి, "నాన్నా, నన్ను మాస్టారిని చేశారు," అని చెప్పాడు. అటుపక్క బెల్లం మార్కెట్టంతా సంతోషించిన చప్పుడు వినిపించింది. ఏం నేర్పుతావురా అని తండ్రి అడిగితే లైను కట్టయినట్టు నటించాడు. ఫోన్లో నటించడం కూడా అతనికి చేతకాదు. హలో హలో అని రెండుసార్లు అని, "కట్టయిపోయింది నాన్నా, ఉంటాను," అన్నాడు.

మొదటిరోజు క్లాసులో ముందు వరుసలో కూర్చున్నది క్లారినెట్ గురయ్య. చేతికి వాద్యం వస్తే గాలి కూడా నిలబడి వినేంత పనిమంతుడు. ఆయనకి ఎర్రదీపం పడని రోజు లేదు. రెండు బార్లు ఇప్పటికే పొమ్మన్నాయి.

"మాస్టారూ," అన్నాడు గురయ్య, సన్నిబాబుకి తండ్రి వయసున్నవాడు. "మీరెలా వాయిత్తారో ఆ కిటుకు సెప్పండి. నాను ఎంత సెడగొట్టినా జనం ఇటే సూత్తన్నారు."

"చెడగొట్టకూడదు గురయ్యగారూ. తప్పు స్వరం పడితే తలెత్తి చూస్తారు. తప్పూ ఉండకూడదు, ఒప్పూ ఉండకూడదు."

"అంటే?"

సన్నిబాబు ఆలోచించాడు. తను చేసే పనిని అంతకు ముందు ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు. "రేపు కరెంటు బిల్లు కట్టాలి అనుకుంటూ వాయించండి," అన్నాడు.

గురయ్య కళ్లు మూసుకుని కరెంటు బిల్లు తలుచుకుంటూ ఊదాడు. ఆ బిల్లు కట్టలేని మనిషి బాధంతా క్లారినెట్‌లోంచి వచ్చింది. క్లాసులో అందరూ స్తంభించిపోయారు. వరండాలో అటెండరు కంటతడి పెట్టుకున్నాడు. గురయ్య ఫెయిలయ్యాడు.

మిగతా బార్లు వేరే దారి పట్టాయి. ఎర్రదీపం పడకుండా ఉండడానికి గట్టిగా మాట్లాడేవాళ్లని జీతానికి పెట్టుకున్నాయి. మండలి వాళ్లకి "అధీకృత సంభాషకులు" అని బ్యాడ్జీలు ఇచ్చింది. రిటైరైన లెక్చరర్లు, పార్టీ టికెట్లు రానివాళ్లు, ఇంట్లో ఎవరూ మాట వినని పెద్దమనుషులు క్యూలు కట్టారు. పాటగాడి కన్నా సంభాషకుడికి జీతం ఎక్కువైంది. కొన్ని చోట్ల జనం సంభాషకుల్ని వినడానికే రావడం మొదలుపెట్టి, వాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చోవడంతో, సంభాషకులకి ఇంకో జత సంభాషకుల్ని పెట్టాల్సి వచ్చింది.

ఇదంతా విజయవంతమైందని మండలి నివేదిక రాసుకుంది. పక్క జిల్లాల అధికారులకి చూపించడానికి తిమింగలం బారులో ప్రదర్శన పెట్టింది. వాయించేది ఆదర్శ వాద్యకారుడు.

*

ఈ ప్రదర్శన కబురు తెలిసిన రోజునే సన్నిబాబు ఒక నిర్ణయానికి వచ్చాడు. అతని బుర్రలో పుట్టిన రెండో గొప్ప ఆలోచన అది. మొదటిది వాష్‌బేసిన్ల పైన వేలాడుతోంది.

జాలరిపేట వెళ్లి ఎస్తేరక్కకి చెప్పాడు. "అక్కా, ఆ రోజు ప్రాణం పెట్టి వాయిస్తాను. చైర్మన్ గారూ, వాళ్లూ మాట మర్చిపోయి వినాలి. ఎర్రదీపం పడుతుంది. వాళ్ల రూలుకి వాళ్లే దొరుకుతారు. అప్పుడు రూలు ఎత్తేస్తారు, నువ్వు మళ్లీ రావచ్చు."

ఎస్తేరక్క అల్లం నీళ్లు ఒక గ్లాసులో పోసి అతని చేతికిచ్చింది. "వత్తానులే," అంది. "ఎనకాల కూసుంటాను."

ఆ వారమంతా సన్నిబాబు అన్నం మీద ధ్యాస లేకుండా సాధన చేశాడు. వేళ్ల చివర్లు కాయలు కాశాయి. కీబోర్డు వాయిస్తే కాయలు కాయవని గురయ్య అన్నాడు గానీ, అతనికి కాశాయి.

ప్రదర్శన రోజు సాయంత్రం, సముద్రం మీద ఇంకా వెలుతురుండగానే, అధికారులంతా టేబుళ్ల చుట్టూ చేరారు. సన్నిబాబు కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తండ్రి భుజం మీద బస్తా గుర్తు తెచ్చుకున్నాడు. ఎస్తేరక్క చావింట్లో పాడుతుండడం తలుచుకున్నాడు. చివరి స్వరం దగ్గర కంట్లో నీళ్లు తిరిగాయి. జీవితంలో ఎప్పుడూ అంత బాగా వాయించలేదు. కళ్లు తెరిచాడు.

"ఆ బదిలీ రద్దు చేయించుకోడానికి వాడు పడ్డ పాట్లు ఇంతా అంతా కాదులెండి," అంటున్నాడొక అధికారి.

"బిర్యానీలో ఉప్పు తగ్గలేదూ?" అంటున్నాడు ఇంకొకాయన.

పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

చైర్మన్ గారు ఆప్యాయంగా ఇటు తిరిగారు. "ఊ, ఇక ఆరంభించవచ్చును కదా?"

"అయిపోయిందండి," అన్నాడు సన్నిబాబు.

హాలంతా చప్పట్లతో మారుమోగింది. "అద్భుతము! ఇదియే మండలి ఆశించిన సంగీతము! మొదలైనదీ తెలియలేదు, ముగిసినదీ తెలియలేదు!"

సన్నిబాబు తల వంచుకున్నాడు. ప్రాణం పెట్టి వాయించినా, కరెంటు బిల్లు తలుచుకుని వాయించినా తన సంగీతం ఒక్కటేనని అతనికి అంత నిండు సభలో తెలిసింది. అలా తల వంచుకున్నప్పుడే అతనికి బెహరా గారి పెట్టె పక్కనున్న చిన్న అద్దం కనిపించింది. అందులో ముల్లు ఒకటి, పచ్చ వైపు చిట్టచివరికి పోయి గోడకి ఆనుకుని ఉంది.

"బెహరా గారూ, ఈ ముల్లేమిటండీ?"

"అదా? రోజు మొత్తం మీద సంభాషణ నీ సంగీతం కంటే ఎంత ఎక్కువైందో కూడుకుంటూ చూపిస్తుంది. నీదెప్పుడూ ఇలాగే గోడకి కొట్టుకుంటుంది."

బి.కాం. మూడేళ్లలో సన్నిబాబు బుర్రకి నిజంగా ఎక్కిన సంగతి ఒకటే. ఒకచోట ఎక్కువైతే దాన్ని మిగులు అంటారు. అతను తలెత్తి, ఏ తెలివీ చూపించే ఉద్దేశం లేకుండా, సందేహం తీర్చుకోడానికే అడిగాడు.

"సార్, ఇంత మిగులు వచ్చింది కదండీ. ఇది ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలండి?"

టేబుళ్ల చుట్టూ మాటలు ఠక్కున ఆగిపోయాయి. సంగీతం చెయ్యలేని పని ఆ ప్రశ్న చేసింది.

"మిగిలినదా?" అన్నారు చైర్మన్ గారు. మొహంలో రక్తం లేదు. "ఖర్చు కాకుండగనా? ఇన్నాళ్లనుండియూ?"

"రోజూ మిగులుతోందండి," అన్నారు బెహరా గారు నెమ్మదిగా. "రాత్రికి పెట్టె కట్టేస్తే మురిగిపోతోంది."

ఆ గదిలో ఉన్నవాళ్లలో లంచానికి, సస్పెన్షన్‌కి భయపడనివాళ్లు ఉండవచ్చు. మిగులు మురిగిపోవడానికి భయపడనివాడు ఒక్కడూ లేడు. పక్క జిల్లా అధికారి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు, రేపు విచారణ వస్తే తను దూరంగా కూర్చున్నట్టు ఉండడానికి.

"ఏ దినము మిగులు ఆ దినముననే సద్వినియోగము కావలెను," అన్నారు చైర్మన్ గారు. "మురగబెట్టు యాజమాన్యముల నుండి సంజాయిషీ కోరబడును. అయితే, ఓయీ పట్టభద్రుడా, మిగులును ఖర్చు చేయు మార్గమేది?"

"జనం నోళ్లు మూయించేలా పాడేవాళ్లు ఉండాలండి. వాళ్లు పాడినంతసేపూ ముల్లు ఇటు తగ్గుతూ వస్తుంది. సున్నాకి వచ్చేదాకా నిబంధన మీరినట్టు కాదు కదండీ."

"అంతటి అసమర్థులు మన ఊరిలో ఎవరైనను ఉన్నారా?"

సన్నిబాబు వెనక టేబుల్ వైపు చూశాడు. ఎస్తేరక్క లేచి వస్తూ, దారిలో అతని భుజం మీద ఒక్కటి వేసింది. "వాయించు, అసమర్థుల తమ్ముడా."

ఆవిడ పాడింది. సన్నిబాబు వెనక మెల్లగా పట్టుకున్నాడు. ఆవిడ గొంతు పక్కన ఉంటే అతని వాయిద్యం కూడా చెడ్డగా ఉండదు. బదిలీ కథ ఆగింది. బిర్యానీ చల్లారింది. ముల్లు కొంచెం కొంచెంగా సున్నా వైపు జారింది. సున్నా దాటాక కూడా చాలాసేపు జారింది. అప్పటికి బెహరా గారు పెట్టె వైపు చూడడం మానేశారు. చైర్మన్ గారు జేబురుమాలు వెతుక్కుంటున్నారు.

ఇకమీదట దీపాలు కాదు, రోజు మొత్తం మీద ముల్లే లెక్క అని మర్నాడు ఉత్తర్వు వెలువడింది. గంగునాయుడు ఆటో కట్టించుకుని జాలరిపేట వెళ్లాడు. మురిగిన మిగులుకి సంజాయిషీ ఇమ్మని అతనికి అప్పటికే నోటీసు వచ్చింది.

"అమ్మా ఎస్తేరమ్మా, రావాలమ్మా. నీ పాట లేకపోతే నా బారు మురిగిపోతన్నాదంట."

"తువ్వాలు?"

"తువ్వాలు ఇంటికాడ ఒగ్గేసొచ్చినాను."

*

అప్పటి నుంచి తిమింగలం బారులో పని ఇలా జరుగుతుంది. సాయంత్రం సన్నిబాబు ఒక్కడూ వాయిస్తాడు. జనం మాట్లాడుకుంటారు. ముల్లు పచ్చవైపు పెరుగుతుంది. అతన్ని ఎంతసేపు పట్టించుకోకపోతే ఎస్తేరక్క అంతసేపు పాడవచ్చు. ఊళ్లో అన్ని బార్లలోనూ గురయ్యలాంటివాళ్ల కంటే ముందు వాయించడానికి సన్నిబాబులాంటివాళ్ల కోసం వెతుకుతున్నారు. అలాంటివాళ్లు కావలసినంతమంది దొరుకుతున్నారట. ఇది తెలిశాక అతనికి కాస్త మనసు చివుక్కుమంది.

ఒక వానాకాలం సాయంత్రం జనం పల్చగా ఉన్నారు. అక్క ఆ రోజు కొత్త పాట పాడతానంది. పెద్ద పాట. కూతురు ఆఖరి పరీక్ష రాసి వచ్చి కిచెన్ గుమ్మం దగ్గర నిలబడింది, అమ్మ పాట వినడానికి. సన్నిబాబు వాయిస్తున్నాడు. ముల్లు సగం దగ్గర ఆగిపోయింది, పెరగడం లేదు.

తలెత్తి చూస్తే, కిటికీ పక్క టేబుల్ దగ్గర, తడిసిన చొక్కాతో ఒకాయన. గ్లాసు ముట్టుకోలేదు. ఫోను ముట్టుకోలేదు. చెయ్యి చెంపకి ఆనించి సన్నిబాబునే చూస్తున్నాడు. వింటున్నాడు.

సన్నిబాబు అదే చరణం ఆయన కోసం ఇంకోసారి అందుకున్నాడు. తర్వాత ముల్లు గుర్తొచ్చింది. కీబోర్డులో తాళం ఒక్కటీ దానంతటదే మోగేట్టు నొక్కి వదిలి, గబగబా దిగి ఆ టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, దండం పెడతాను, కొంచెం మాట్లాడండి సార్."

"ఎవరితో మాట్లాడమంటారు? ఒక్కణ్ణే వచ్చాను," అన్నాడాయన. "అయినా బాగుంది కదా, ఎందుకు ఆపేశారు?"

సన్నిబాబు ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముల్లు కనిపించేలా కుర్చీ జరుపుకున్నాడు. "నాతోనే మాట్లాడండి. గట్టిగా. ఏం బాగుంది సార్?"

ఆయన ముందు మొహమాటపడ్డాడు, తర్వాత మొదలుపెట్టాడు. ఆ ట్యూను గురించి, అందులో ఒక చోట అతను తొందరపడకుండా నిలబడడం గురించి, దానికి తనకేం గుర్తొచ్చిందో దాని గురించి. చేతులు ఊపుతూ, గొంతు పెంచుతూ, ఎన్నాళ్లనుంచో ఎవరికైనా చెప్పాలనుకున్నట్టు చెప్పుకుంటూ పోయాడు.

"అవునండీ... ఇంకా... గట్టిగా చెప్పండి... ఇంకా?" అంటున్నాడు సన్నిబాబు, చూపు పెట్టె మీదే ఉంచి. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క అతని చెవికెక్కలేదు. ముల్లు ఒక గీత కదిలింది. ఇంకో గీత. పెద్ద పాటకి సరిపోయేంత పచ్చలోకి వెళ్లాక అతను చటుక్కున లేచి, ఆయన మాట మధ్యలో ఉండగానే, వేదిక వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"పాడక్కా. సరిపోతుంది."